అధికముగా కట్టిన ఇంటిపన్ను

నెల్లూరునకు ఈశాన్యమున, సముద్రమునకు చేరువగా, వరిమళ్ళును రొయ్యలగుంటలును ఇరుగుపొరుగులై యున్న నేలలో వెలసిన అల్లూరు నిన్నమొన్నటివఱకు గ్రామపంచాయతి, నేడు నగరపంచాయతి. పేరు మాఱినంతమాత్రమున ఊరిలోని యిల్లు పెరుగదు, వీధి వెడల్పు కాదు, చెరువున నీరు హెచ్చదు. ఇంటిపన్ను మాత్రము ఒక చట్టపు పరిధినుండి మఱియొక చట్టపు పరిధిలోనికి జరుగును. 1994 నాటి పంచాయతిరాజ్ చట్టము ననుసరించి పంచాయతి కార్యదర్శి వ్రాసియిచ్చిన రసీదుతో తృప్తిపడియుండిన గృహస్థునకు, 1965 నాటి పురపాలక సంఘముల చట్టము ననుసరించి కమీషనరు పేర డిమాండు నోటీసు వచ్చును. అందులో అసెస్‌మెంటు సంఖ్య, అర్ధసంవత్సరపు మొత్తము, గ్రంథాలయ సెస్సు, పాతబకాయి, బకాయిపై వడ్డీ వరుసగా నుండును. ఆ మొత్తము ఏ లెక్కవలన వచ్చినదో సామాన్యునకు బోధపడునట్లు చెప్పుట మాత్రము అరుదు. తాను కట్టవలసినదానికంటె ఎక్కువ కట్టుచున్నానేమో యను అనుమానము అక్కడనే మొలకెత్తును.

ఈ అనుమానము క్రొత్తది కాదు. ఒక్క ఊరికి చెందినది అంతకంటె కాదు. పురపాలక సంఘములు పుట్టిననాటనుండి అది వానివెంటనే నడచుచున్నది. అయినను దానిని గూర్చి వాదించువారు, పత్రికలకు వ్రాయువారు, ఒక్కొక్కప్పుడు విచారించు అధికారులును గూడ, పరస్పరము పోలికలేని సంగతులను ఒకే ఫిర్యాదుగా కట్టగట్టి తీసికొనిపోవుట చూచుచున్నాము. విధించుటకు అధికారమే లేని పన్ను వసూలు చేయుట ఒక సంగతి. అధికారముండియు కొలతయందు తప్పి హెచ్చుగా విధించుట వేఱొక సంగతి. కొలతయు సరియే కాని, పొరపాటున రెండుమార్లు కట్టించుకొనుటయో, కూలిపోయిన యింటికి కట్టించుకొనుటయో ఇంకొకటి. వీనన్నిటికిని ఆవల, చట్టమునకు సమ్మతమై, కొలతకు సరిపడియు, మోయువాని భుజమునకు మించినదను ఆక్రోశము గలదు. మొదటిదానికి న్యాయస్థానము, రెండవదానికి పునఃపరిశీలన అర్జీ, మూడవదానికి కార్యాలయపు కౌంటరు, నాలుగవదానికి ఎన్నికయు ఉద్యమమును మార్గములు. పన్ను కట్టువాడు తఱచుగా ఒకదానికి తట్టవలసిన తలుపును విడిచి వేఱొకదానిని తట్టుచుండుటయు, తప్పుతలుపు తట్టినవానికి సరియైన తలుపు చూపుట తమ విధి కాదని కార్యాలయము లూరకుండుటయు ఈ ప్రశ్న ఇంతకాలము తెగకుండుటకు ముఖ్యకారణమని నా అభిప్రాయము.

చరిత్రను చూచినచో, మొదట మేలుకొన్నది నాలుగవ రకపు ఆక్రోశమే. చెన్నరాజధానిలో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టము వచ్చిన మఱుసటి సంవత్సరమే, అనగా 1866లో, నెల్లూరు పురపాలక సంఘ మేర్పడెను. పారిశుద్ధ్యమునకును, రోడ్లకును, కావలివారి జీతములకును కావలసిన ధనమును ఆయా పట్టణములే సమకూర్చుకొనవలెనని ప్రభుత్వము తలచినది. స్వపరిపాలనమను ఆదర్శమునకంటె ఖజానాభారమును దింపుకొనుటయే ఆనాటి యేర్పాటునకు మూలమని చెప్పుట తప్పు కాదు. 1882 మే నెలలో నాటి వైస్రాయి రిప్పన్ ప్రభువు వెలువరించిన తీర్మానముతో ఆదర్శము వచ్చి చేరినది. 1884 స్థానిక బోర్డుల చట్టముతో పెద్దగ్రామములు యూనియనులైనవి. యూనియనులతో ఇంటిపన్ను పల్లెలకును దిగినది. తీరప్రాంతపు రైతునకు అప్పటివఱకు పన్నన్న భూమిశిస్తే. పంటనిచ్చు భూమికి శిస్తుకట్టుట అతనికి తరతరముల అలవాటు. తలదాచుకొను ఇంటికి, అదియు పైసా ఆదాయము లేనిదానికి, కట్టుట యేమను ప్రశ్న అతని మనస్సునుండి నేటికిని పూర్తిగా పోలేదు.

ఆ ప్రశ్న ఊరూరంతయు ఒక్కసారిగా అడిగిన సందర్భము చీరాల పేరాలలది. నాడు గుంటూరుజిల్లాలో చేరియుండిన ఆ రెండు గ్రామములును యూనియనుగా నున్నప్పుడు చెల్లించుచుండిన పన్ను స్వల్పము. 1919లో వానిని కలిపి పురపాలక సంఘముగా చేయ నిశ్చయింపగా పన్ను పలురెట్లు పెరుగునని తేలినది. అక్కడివారిలో పలువురు నేతపనివారు. మగ్గమున్న గుడిసెయే వారికి ఇల్లును, కార్ఖానాయును. మాకు మునిసిపాలిటీ వలదని మహజరులు పంపుకొనిరి; ప్రభుత్వము వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున పన్ను నిరాకరించిరి. జప్తులు జరిగినవి, శిక్షలు పడినవి, చెఱకు పోయినవారిలో స్త్రీయు గలదు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు వచ్చినప్పుడు గోపాలకృష్ణయ్య ఉపాయ మడుగగా, పన్ను చెల్లింపక శాంతముగా శిక్షల ననుభవించుట యొక త్రోవయనియు, పురపాలక సంఘపు ఎల్లలను విడిచి వెలుపలికి పోవుట మఱియొక త్రోవయనియు ఆయన చెప్పెను. జనులు రెండవదాని నెన్నుకొనిరి. ఎండకాలమున ఇండ్లు విడిచి, సరిహద్దు కావల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరుపెట్టి, పదునొకండు నెలలు కాపుర ముండిరి. గోపాలకృష్ణయ్య చెఱసాలకు పోయిన పిమ్మట, దన్ను తఱిగి, ఊరివారు తిరిగి తమ యిండ్లకు చేరిరి.

జాతీయోద్యమ చరిత్రకారులు చీరాల పేరాల ఘట్టమును సహాయనిరాకరణములో నొక ఉజ్జ్వలాధ్యాయముగా వర్ణించుట న్యాయమే. కాని పన్నుల చరిత్ర దృష్టితో చూచినచో అందొక విశేషమున్నది. ఆ ప్రజలు తమ పన్ను లెక్క తప్పినదని వాదింపలేదు, చట్టమునకు విరుద్ధమని గూడ ముఖ్యముగా వాదింపలేదు. పల్లెగా నున్న దానిని పట్టణమనుటయే వారికి అభ్యంతరము. పన్ను ఆ పట్టణీకరణపు నీడ. శాంతియుతముగా ఎల్ల దాటిపోవుటకంటె స్పష్టముగా ఈ అభ్యంతరమును తెలుపు మార్గము వారికి వేఱొకటి తోచలేదు. రాజ్యాంగపు డెబ్బదినాల్గవ సవరణము నగరపంచాయతిని పల్లెతనమునుండి పట్టణత్వమునకు మాఱుచున్న ప్రాంతమునకు తగిన సంస్థగా నిర్వచించినది. ఆ మార్పు దశలో నున్న ఊళ్ళలో నేడు వినబడు మాటలు, పన్ను పెరుగుననియు, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పనులు పోవుననియు, ఇంటికప్పు మార్చుటకును ప్లాను కావలెననియు చెప్పు మాటలు, నూఱేండ్ల క్రిందటి చీరాల మహజరులకు దూరపు బంధువులు కావు.

అయితే లెక్క తప్పినదను వాదము, అనగా రెండవ రకపు వివాదము, చీరాలలో గాక గుంటూరులో తన పూర్ణరూపము నందినది. దానికి 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘముల చట్టము ఆధారము. ఇంటిపన్నునకు కొలత ఆ యింటి వార్షిక విలువ. వార్షిక విలువ యన, ఆ యిల్లు నెలవారీగా గాని సంవత్సరవారీగా గాని అద్దెకిచ్చినచో సహేతుకముగా రాదగిన మొత్తపు అద్దె. అందులో కట్టడమునకు చెందిన భాగమునుండి నూటికి పది తగ్గింపు. చదువుటకు సులభముగానే యున్నది. కాని అద్దెకీయని సొంతయింటికి రాదగిన అద్దె ఎంత? ఊరిలో అద్దె నియంత్రణచట్ట మమలులో నున్నప్పుడు రాదగినది బజారుఅద్దెయా, నియంత్రణాధికారి నిర్ణయింపగల న్యాయమైన అద్దెయా? పురపాలక సంఘములు బజారుఅద్దెను పట్టుకొనినవి. అద్దె నియంత్రణాధికారి అద్దె నిర్ణయించిన ఇండ్లకు మాత్రమే ఆ నిర్ణయము కట్టుబాటుగాని, తక్కిన ఇండ్లకు తమ కిష్టమైన అంచనా వేసికొనవచ్చునని వాని వాదము.

గుంటూరు పట్టణపు పన్నుచెల్లింపుదారుల సంఘము దీనిని ఎదిరించి హైకోర్టున గెలిచినది; పురపాలక సంఘము సుప్రీముకోర్టునకు పోయినది; 1970లో సుప్రీముకోర్టు పురపాలక సంఘపు అప్పీలును త్రోసిపుచ్చినది. న్యాయమైన అద్దె నిర్ణయింపబడిన యిండ్లకును, నిర్ణయింపబడని యిండ్లకును నడుమ భేదమును చట్టము గుర్తింపదనియు, నిర్ణయము జరుగనిచోట పురపాలక సంఘమే అద్దెచట్టములోని సూత్రముల ననుసరించి న్యాయమైన అద్దె యెంతయగునో గుణించుకొని దానిపైననే పన్ను వేయవలెననియు ఆ తీర్పు సారాంశము. ఇండ్లయజమానికి చట్టప్రకారము రాదగని అద్దెను వచ్చినదానిగా నెంచి దానిపై పన్ను వేయుట యుక్తము కాదను ఈ న్యాయము అంతకుముందు కలకత్తా కార్పొరేషను వ్యాజ్యములో మొలచినదే. కాని ఒక జిల్లాపట్టణపు గృహస్థులు సంఘముగా నేర్పడి, తాము కట్టుచున్న పన్నులోని కొలతను మాత్రమే ప్రశ్నించి, దేశమంతటికిని వర్తించు సూత్రమును గెలుచుకొనుట మన ప్రాంతపు పౌరచరిత్రలో చెప్పుకొనదగిన సంగతి. చీరాలకున్న ప్రఖ్యాతిలో పదియవవంతైనను గుంటూరు వ్యాజ్యమునకు రాలేదు. వీధులలో జరిగినది పాటలకెక్కును, కోర్టులో జరిగినది లా రిపోర్టులలో నిదురించును.

ప్రభుత్వములు మాత్రము ఆ తీర్పును మఱువలేదు. న్యాయమైన అద్దె యను సంకెలతో పట్టణముల ఆదాయము ఎదుగదని తలచి, క్రమముగా చట్టములనే మార్చుకొనినవి. ఆంధ్రప్రదేశమున 1990 నాటి నియమములతో ఊరిని మండలములుగా విభజించి, కట్టడపు రకమును, వాడుకను, వయస్సును బట్టి చదరపు మీటరునకు నెలసరి అద్దె నిర్ణయించి, ప్లింతు వైశాల్యముతో గుణించి పన్ను వేయు పద్ధతి వచ్చినది. పాతయిండ్లకు వయస్సును బట్టి తగ్గింపు, సొంతముగా కాపురమున్న వారికి ప్రత్యేకపు తగ్గింపు ఉండెను. బిల్లు కలెక్టరుయొక్క కనుచూపు అంచనాకంటె టేపుకొలత మేలు. ఈ పద్ధతి యున్న ముప్పది యేండ్లలో వివాదములు ఎక్కువభాగము కొలతపట్టీ చుట్టు, వరండాను లెక్కలోనికి తీసికొనవచ్చునా, రేకులషెడ్డు పక్కాకట్టడమా యను ప్రశ్నల చుట్టు తిరిగినవి. అవి చిన్నతగవులు, చిన్నగనే తీరదగినవి.

2020లో కొలత మరల మాఱెను. ఈసారి మార్పునకు కారణము ఊళ్ళలో గాక ఢిల్లీలో నున్నది. కరోనాకాలమున రాష్ట్రములకు అదనపు ఋణపరిమితి నిచ్చుచు కేంద్రప్రభుత్వము పెట్టిన షరతులలో నొకటి, పట్టణములలోని ఆస్తిపన్నునకు రిజిస్ట్రేషను విలువలతో ముడిపెట్టిన కనీసపు రేట్లను ప్రకటించుట. పదునైదవ ఆర్థికసంఘమును పట్టణస్థానికసంస్థల గ్రాంటులకు ఇట్టి షరతునే పెట్టినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము షరతు నెరవేర్చిన మొదటి రాష్ట్రములలో నొకటియై, ఆ సంవత్సరమే చట్టమును సవరించి, 2021 ఏప్రిలు ఒకటవ తేదీనుండి అద్దెవిలువకు మాఱుగా మూలధనవిలువను పన్నునకు కొలతగా నిర్ణయించినది. నివాసగృహములకు మూలధనవిలువలో నూటికి పదిపైసలనుండి యేబదిపైసలవఱకును, ఇతర కట్టడములకు ఇరువదిపైసలనుండి రెండు రూపాయలవఱకును రేటు నిర్ణయించు అధికారము స్థానికసంస్థల కొసగినది. మూడువందల డెబ్బదియైదు చదరపుటడుగులకు మించని నివాసమునకు ఏటికి యేబదిరూపాయలే పన్ను. పాతపన్నుకంటె క్రొత్తపన్ను హెచ్చుచున్నచో ఒక్కసారిగా గాక నూటికి పదునైదుకు మించకుండ పెంచవలెనను పరిమితి నొకదానిని జనుల అలజడి చల్లార్చుటకు చేర్చినది.

ఈ పరిమితిని గూర్చి రెండుమాటలు చెప్పవలెను. ఇప్పటి వివాదములలో సగము దీనిని సరిగా గ్రహింపకపోవుటచే పుట్టుచున్నవి. ఒక యింటి స్థలమునకును కట్టడమునకును కలిపి పదునెనిమిదిలక్షల విలువ కట్టిరనుకొందము. రేటు నూటికి పదునైదుపైసలైనచో పన్ను 2,700 రూపాయలు. పూర్వపు పన్ను 1,200 అయినచో మొదటియేడు 1,380 మాత్రమే కట్టవలసివచ్చును, రెండవయేడు 1,587, ఇట్లు మెట్లెక్కుచు ఆఱవయేట లక్ష్యమును చేరును. ఆ లోపల రిజిస్ట్రేషను విలువ పెరిగినచో లక్ష్యమే పైకి జరుగును. మొదటియేడు పన్ను 180 మాత్రమే పెరిగినదని ఊరటచెందిన గృహస్థునకు, ఏటేట నోటీసులో అంకె మాఱుచుండుట చూచి, తనయొద్ద అధికముగా వసూలు చేయుచున్నారను శంక కలుగుట సహజము. అది అధికము కాదు, వాయిదా వేయబడిన పెంపు. కాలిఫోర్నియావారు 1978లో ప్రజాభిప్రాయసేకరణమున గెలిపించుకొనిన పదుమూడవ ప్రతిపాదన ప్రకారము విలువపెంపు ఏటికి నూటికి రెండుకు మించరాదు. మనవారి పదునైదును దానిప్రక్కన పెట్టి చూచినచో, పరిమితి యన్నమాట ఎవరికి ఊరట, ఎవరికి సోపానమో తెలియును. విజయవాడ, విశాఖపట్టణములలో పన్నుచెల్లింపుదారుల సంఘములు 2021లో లేవదీసిన ఆందోళన ముఖ్యముగా ఈ సోపానమును గూర్చియే. దానితోపాటే వచ్చిన చెత్తసేకరణ రుసుము, జనులు చెత్తపన్నని పిలిచినది, ఎన్నికలలో ప్రభుత్వము మాఱిన పిదప 2024లో రద్దయినది. మూలధనవిలువ మాత్రము నిలిచినది. నాలుగవ రకపు ఆక్రోశమునకు కొన్నిమార్లు ఫలము దక్కును. ఏది దక్కునో ముందుగా చెప్పుట కష్టము.

పురపాలక ప్రాంతములో పన్ను నిజముగానే రెట్టింపగు మార్గ మొకటి కలదు. అనుమతిలేని కట్టడములపై జరిమానాగా, ప్లానుకు మించిన భాగపు తీవ్రతను బట్టి, పన్నులో నాల్గవవంతు, సగము, లేక నూటికి నూఱు అదనముగా వేయుదురు. పంచాయతికాలమున ఎవరిని అడుగకయే కట్టుకొనిన యింటికి, ఊరు నగరపంచాయతి యైన పిమ్మట కంప్యూటరులో అనుమతిసంఖ్య కనబడనందున ఈ జరిమానా తగిలినచో, కట్టిననాడు అమలులో నుండిన చట్ట మేదను ప్రశ్న పునఃపరిశీలన అర్జీలో గట్టిగా నడుగదగినది. పాత పంచాయతి రసీదులు, విద్యుత్ కనెక్షను కాగితము కట్టడపు వయస్సునకు సాక్ష్యములు. వానిని దాచుకొననివారే ఎక్కువమంది.

ఇక మూడవ రకము, చేతితప్పు. పండితులు దీనిని తమ గమనమునకు తగినదిగా నెంచరు కాని, సామాన్యునియొద్దనుండి నిజముగా అధికముగా పోయిన ధనములో పెద్దపాలు దీనిదే కావలెనని నేను నమ్ముచున్నాను. తండ్రిపేర నుండిన ఇల్లు కొడుకులు పంచుకొందురు. ఇద్దఱకును క్రొత్త అసెస్‌మెంటు సంఖ్యలు వచ్చును. తండ్రిపేరి సంఖ్య కొట్టివేయబడదు. మూడు నోటీసులును మూడు అర్ధసంవత్సరములు నడచిన పిదప బకాయిలేని ఇల్లు బకాయిదారుల జాబితాలో కనబడును. పెంకుటిల్లు తీసివేసి డాబా వేసికొన్నచో రెండును రికార్డులో నిలిచియుండును. మన తీరమున తుపానులు ఇండ్లను కూల్చుట క్రొత్త కాదు. 1989 నవంబరులో కావలియొద్ద తీరము దాటిన తుపానువంటిది వచ్చినప్పుడు గోడలు పడిపోయినను పన్ను పుస్తకములో గోడలు పడవు. కూలిన సంగతి యజమాని వ్రాతమూలకముగా తెలుపవలెను. తెలుపనంతవఱకు పన్ను నడచుచునే యుండును. ఈ నియమము పల్లెవానికి తెలియదు, తెలిసినవాడు చెప్పడు. చేతితప్పునకు న్యాయవాది యక్కఱలేదు. రెండు రసీదులు, ఆస్తిపత్రపు నకలు, వార్డు సచివాలయములో తీసికొనిన అర్జీరసీదు చాలును. రికార్డు చూపుమన్నను చూపనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ముప్పదిదినములలో నకలు తెప్పింపగలదు. నా యెఱుకలో ఇంటిపన్ను తగవులలో మిక్కిలి చౌకయైన ఆయుధ మదియే.

కొలతను ప్రశ్నించు మార్గము ఇంతకంటె కష్టము. పన్ను హెచ్చించునప్పుడు యజమానికి ప్రత్యేకనోటీసు ఇయ్యవలెను, దానిపై నిర్ణీతగడువులో కమీషనరునకు పునఃపరిశీలన అర్జీ పెట్టుకొనవలెను, ఆయన విని ఉత్తరువు చేయవలెను, దానిపై అప్పీలు. పన్ను వేసినవాడే మొదటివిచారణ చేయుట, అప్పీలు విననిచ్చుటకు ముందు వివాదగ్రస్తమైన పన్నును కట్టివేయవలసి వచ్చుట, ఈ రెండును తగవుపడువానిని నిరుత్సాహపరచునవి. ఎక్కువ యని ఫిర్యాదు చేయువాడు ముందు ఆ ఎక్కువను కట్టవలెను! దీనిని సమర్థించువారు, లేనిచో ప్రతివాడును అప్పీలు చేసి పన్ను ఎగవేయునని చెప్పుదురు. ఆ వాదమున కొంత బలము లేకపోలేదు. కాని పెద్దహోటలుయజమానికిని పూరిపాక వితంతువునకును ఒకే షరతు పెట్టుట ఆ బలమునకు మించిన పని. వివాదము లేని భాగమును మాత్రము కట్టించుకొని అప్పీలు విన్నచో ఖజానాకు నష్టమేమో నాకు బోధపడదు.

గడువు దాటినవానికి, అప్పీలులో ఓడినవానికి, మిగిలినది న్యాయస్థానము. అక్కడ సాధారణముగా మొదటి రకపు వాదమే నిలుచును. చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదని రాజ్యాంగపు 265వ అధికరణము. 1920 నాటి చట్టమే, తన నిబంధనలను సారాంశములో పాటించిన పక్షమున పన్నును తిరిగి ఇప్పింపుమని దావా వేయరాదని కట్టడి చేసినది. ఆ గోడ ఎంత ఎత్తో తేల్చుటకు సుప్రీముకోర్టునకు చాలకాలము పట్టినది. కాశీ వ్యాపారి కన్హయ్యలాల్ సరాఫ్ వ్యాజ్యమున 1958లో, చట్టమును పొరపాటుగా గ్రహించి కట్టిన పన్నును గూడ, ప్రభుత్వము దానిని ఖర్చుచేసివేసినను, తిరిగి ఇయ్యవలసినదేయని తీర్పు వచ్చెను. విదర్భలోని ధామన్‌గావ్ పురపాలక సంఘము ప్రత్తిబేళ్ళపై వేసిన పన్ను రాజ్యాంగము వృత్తిపన్నులకు నిర్ణయించిన ఆనాటి 250 రూపాయల పరిమితిని మించినదని 1965లో తేలగా, దావాను నిషేధించు నిబంధన యున్నను మించిన సొమ్ము తిరిగి ఇప్పింపవచ్చునని బహుసంఖ్యాక న్యాయమూర్తులు నిర్ణయించిరి. కాని 1996లో మఫత్‌లాల్ వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రెండు కట్టడులు చేసినది: చట్టమును తప్పుగా అన్వయించుటవలన కట్టిన అధికమును ఆ చట్టము చూపిన మార్గమునందే కోరవలెను, కోరువాడు ఆ భారమును ఇతరులపై వేయలేదని నిరూపింపవలెను. ఇది ఎక్సైజుపన్నును గూర్చిన తీర్పే అయినను, దీని నీడ ఇంటిపన్నుపై గూడ పడగలదు: అద్దెయింటి యజమాని పన్నును అద్దెలో కలిపి రాబట్టుకొనియుండినచో, తిరిగివచ్చిన సొమ్ము ఎవరికి చెందవలెను? కాపురమున్నవానికని ధర్మము చెప్పును. రసీదు యజమానిపేర నుండును. దావా వేయువానికి తప్పు తెలిసిననాటనుండి మూడేండ్ల గడువు.

ఇంగ్లండునందు ఈ సమస్య వేఱొక రూపమున నున్నది. అక్కడ 1990లో తలపన్నుపై రేగిన అలజడి, లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరులో అల్లరుల వఱకు పోయి, చివఱకు ఆ పన్నును రద్దుచేయించినది; 1993 నుండి దాని స్థానమున కౌన్సిలుపన్ను వచ్చినది. ఇండ్లను 1991 ఏప్రిలు నాటి విలువను బట్టి ఎనిమిది తరగతులుగా విభజించిరి. ఇంగ్లండులో ఆ విలువలే నేటికిని ఆధారము. వేల్సువారొక్కరు 2005లో విలువలను సవరించుకొనిరి. ముప్పదియేండ్ల పాతవిలువపై పన్ను కట్టుట మనకు వింతగా తోచును. వారికది వివాదముల మూలము. అయినను వారి పద్ధతిలో మనము చూడదగిన దొకటున్నది: తరగతి తప్పుగా నిర్ణయింపబడినదని తేలినచో, కాపురము చేరిననాటినుండియో, పన్ను పుట్టిననాటినుండియో, కట్టిన అధికమును మొదటినుండి లెక్కించి తిరిగి ఇత్తురు. తరగతి నిర్ణయించు కార్యాలయము వేఱు, పన్ను వసూలు చేయు కౌన్సిలు వేఱు. కావున విచారించువానికి తన వసూలు తగ్గునను బెంగ యుండదు. అక్కడ స్థిరపడిన తెలుగుకుటుంబములకు ఇది అనుభవమే. పొరుగింటివాని తరగతి ఏదో ఎవరైనను చూడవచ్చుగాన, తమది తప్పని తోచినచో అడుగుట తేలిక.

పొరుగింటి లెక్క చూడగలుగుట మనకు అంతగా అలవడలేదు. కమీషనరు కార్యాలయపు వెబ్‌సైటులో అసెస్‌మెంటు సంఖ్య కొట్టినచో తన బకాయి తెలియును. తన వీధిలోని ఇండ్ల విలువలన్నియు ఒక పట్టీగా కనబడవు. ఒకే వీధిలో, ఒకే వైశాల్యమునకు, ఒకనికి వేయి, వేఱొకనికి రెండువేలు పడినప్పుడు ఆ భేదమునకు కారణము కట్టడపు వయస్సో, వాడుకయో, తప్పో తెలియవలెనన్న పోల్చి చూడవలసినదే. వీధివారీగా విలువల పట్టీని సచివాలయపు గోడపై అంటించుట ఖర్చుతో గూడిన పని కాదు.

తిరిగి ఇచ్చుటను గూర్చి మిగిలిన చిక్కు వడ్డీది. పురపాలక చట్టము క్రింద ఆలస్యమైన పన్నుపై నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏప్రిలు నెలలోపల సంవత్సరపు పన్నంతయు కట్టినవానికి నూటికి అయిదు రూపాయల తగ్గింపు. ఇటీవలి సంవత్సరములలో మార్చి ముగియవచ్చునప్పుడు బకాయిదారులకు వడ్డీమాఫీ ప్రకటించుటయు నలవాటైనది. అనగా యేండ్లతరబడి కట్టనివాని కిచ్చు తగ్గింపు క్రమముగా కట్టినవానికి దక్కు అయిదు రూపాయలకంటె పెద్దది. పొరపాటున అధికముగా కట్టినవానికి, ఆ సొమ్ము పురపాలక సంఘమువద్ద రెండేండ్లున్నను మూడేండ్లున్నను, వచ్చు అర్ధసంవత్సరపు డిమాండులో సర్దుబాటు చేయుటయే ఆచారము. నగదు చేతికి వచ్చుట అరుదు, వడ్డీ ఊసే యుండదు. ఇల్లు అమ్ముకొని నెల్లూరునకో హైదరాబాదునకో పోయినవానికి సర్దుబాటు వలన ఫలము కొన్నవానికి చెందును. బకాయిపై తాను తీసికొను రేటునే తనవద్ద నిలిచిన అధికముపై తాను ఇయ్యవలెనను ఒక్క వాక్యమును నియమములలో చేర్చినచో, తండ్రిపేరి పాతసంఖ్యలను కొట్టివేయుటకు కార్యాలయములు తమంత తామే తొందరపడును.